కొండకు ఎడమ పక్క

పోయిన వారం మాస్టారిని ఓ కాగితం ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. తెల్లారి ఏడు కావస్తోంది. జిమ్‌లో తన చిన్న గదిలో, చల్లారిపోయిన టీ పక్కన పెట్టుకుని, ఆ కాగితాన్నే చూస్తున్నాడు. ఆటల పేజీ రాసే విలేకరి అమ్మాయి ఇచ్చి వెళ్లిన కాగితం అది. అందులో ఇరవై ఒక్క పేర్లు, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి వయసు, పొట్టకూటికి చేసే పని. అడుగున ఒకే ఒక్క ప్రశ్న. 'మీ మేనల్లుడికి ఉన్న పేరుకీ, రింగులో అతను సాధించినదానికీ పొంతన ఉందంటారా?' రేపు చెప్తానమ్మా అని మాస్టారు ఆ అమ్మాయిని పంపించేశాడు. ఆ రేపు ఇవాళే.

మేనల్లుడి గురించి, కొత్తగా ఈ కథలోకి వచ్చినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆరడుగుల ఐదంగుళాల మనిషి, నూట పద్దెనిమిది కిలోలు. హెవీవెయిట్ బాక్సర్. ఊరంతా 'కొండ' అని పిలుచుకుంటుంది. ఇంట్లో మాత్రం 'చిన్నోడు'. ఇరవై ఒక్క పోటీలు ఆడాడు, ఇరవై ఒకటీ గెలిచాడు. మంగలి షాపు అద్దం మీద, బస్సుల వెనక, పిల్లల నోటు పుస్తకాల అట్టల మీద, ఎక్కడ చూసినా అతని మొహమే. పరుపుల ప్రకటనలో పడుకునేదీ అతనే, సబ్బు ప్రకటనలో స్నానం చేసేదీ అతనే.

అయితే జనం అతన్ని నెత్తిన పెట్టుకున్నది గుద్దులు చూసి కాదు. ఆరో పోటీలో ఓ మాజీ గోల్‌కీపర్ దెబ్బ తిని బోర్లా పడిపోతే, చిన్నోడు చేతులు పైకెత్తి గంతులేయకుండా మోకాళ్ల మీద కూర్చుని, పసిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు ఆ మనిషిని ఎత్తుకెళ్లి అతని స్టూలు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లు పట్టించాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. ఎవరో ఫోన్లో తీశారు. నాలుగు రోజుల్లో దాన్ని చూడని మనిషి లేడు. అప్పటి నుంచి జనం పోటీ చూడ్డానికి కాదు, పోటీ అయ్యాక చిన్నోడు ఓడిపోయినవాణ్ని లేపడం చూడ్డానికి వస్తున్నారు.

చిన్నోడి చేతిలో ఓడిన ఆ ఇరవై ఒక్క మందినీ ఏరింది అతని కోచ్ కూడా అయిన మాస్టారే. కొత్త కుర్రాడికి మొదట్లో తేలికైనవాళ్లని ఇవ్వడం ఈ వృత్తిలో అందరూ చేసేదే, అందులో దాచాల్సిందేమీ లేదు. ఐదారు పోటీల తర్వాత గట్టివాళ్లని తేవాలనే ఆయనా అనుకున్నాడు. ఈలోపు చిన్నోడికి పేరొచ్చిపడింది. అంత పేరొచ్చాక ఓడిపోవడానికి వీల్లేకుండా పోయింది. చూపు మందగించినవాడు, ఆరేళ్ల కిందటే రిటైరైనవాడు, పెళ్లి ఖర్చులకని ఒప్పుకున్నవాడు, ఇలా ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. విలేకరి అమ్మాయి కాగితంలో ఒక్క తప్పు లేదు. అదే మాస్టారి బాధ.

ఇక ఎనిమిది రోజుల్లో ఛాంపియన్‌తో పోటీ. ఆ ఛాంపియన్ని 'కమ్మరి' అంటారు. మొహం జోలికి పోడు. పక్కటెముకల కింద, అదీ ఎడమ పక్క, ఒకే చోట కొడుతూ పోతాడు. అతనితో పోయినేడు తలపడినవాడు ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. అంతకుముందువాడు ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. ఈ పోటీకి మాస్టారు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది పోటీలు ఏర్పాటు చేసి డబ్బు చేసుకునే ప్రమోటర్, సంతకం పెట్టింది చిన్నోడు.

అదొక్కటే అయితే మాస్టారు అంత బెంబేలు పడేవాడు కాదు. ఎడమ పక్క సంగతి ఒకటుంది. మూడేళ్ల కిందట ప్రాక్టీసులో చిన్నోడి ఎడమ పక్కటెముక చిట్లింది. ఆరు వారాల పాటు ఎవరూ ఆ పక్క కొట్టొద్దని మాస్టారు అందరికీ చెప్పాడు. ఆరు వారాలయ్యాక, ఇక కొట్టండి అని చెప్పడం మర్చిపోయాడు. అంతే జరిగింది. పాతవాళ్లు కొత్తవాళ్లకి చెప్పారు, కొత్తవాళ్లు వాళ్ల తర్వాత వచ్చినవాళ్లకి చెప్పారు. తలుపు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టాలన్నంత మామూలుగా, 'కొండకి ఎడమ పక్క వద్దు' అన్నది ఆ జిమ్‌లో ఓ పద్ధతైపోయింది. మూడేళ్లుగా దెబ్బ తగలని చోటుని కాచుకోవాలని ఏ ఒంటికి గుర్తుంటుంది? కిందకి ఉండాల్సిన మోచెయ్యి మెల్లమెల్లగా పైకి జరిగి గడ్డం దగ్గర కాపురం పెట్టింది. మొన్న పాత పోటీ వీడియోని పదోసారి చూస్తుంటే మాస్టారికి అది కనిపించింది.

ఏడున్నరకి చిన్నోడు రింగులోకి దిగాడు. ప్రాక్టీసుకి ఎదురు నిలబడేది పాల వ్యాను డ్రైవరు. మంచి బలమున్నవాడు, పొద్దున్నే పాలు వేసి వచ్చి రెండు గంటలు ఆడి పోతాడు. మాస్టారు అతన్ని తాళ్ల దగ్గరికి పిలిచి చెవిలో చెప్పాడు.

"ఇవాళ ఎడమ పక్క కొట్టు."

వ్యాను డ్రైవరు తాను సరిగా వినలేదనుకున్నాడు. "అటు వద్దు కదా మాస్టారూ?"

"నేనే వద్దన్నాను, నేనే కొట్టమంటున్నాను. గట్టిగా కొట్టు."

అతను ఒకసారి కిటికీల వైపు చూశాడు. మామూలుగానే కిటికీలన్నిటికీ మనుషులు వేలాడుతున్నారు. ఆఫీసుకెళ్లేవాళ్లు, స్కూలు సంచీల పిల్లలు, కూరగాయల సంచీతో ఓ ముసలామె, అందరి చేతుల్లోనూ ఫోన్లు. చిన్నోడు వాళ్లకి గ్లవ్ ఊపాడు. వీధి వీధంతా కేరింతలు కొట్టింది.

గంట మోగింది. వ్యాను డ్రైవరు మొదటి రౌండంతా నీళ్లు నమిలినట్టే ఆడాడు. రెండో రౌండులో ఎడమ పక్కకి ఓ గుద్దు తీశాడు. గుద్దు అనడం కూడా ఎక్కువే, నిద్రపోతున్నవాణ్ని లేపడానికి తట్టినట్టు తట్టాడు. దానికే కిటికీల దగ్గర నుంచి 'ఏయ్, ఏయ్' అని అరుపులు లేచాయి. ఎవరో చెప్పు కూడా చూపించారు. వ్యాను డ్రైవరు గ్లవ్స్ దించేసి తాళ్ల దగ్గరికొచ్చాడు.

"నా వల్ల కాదు మాస్టారూ. నా కూతురి గదిలో నా ఫొటో లేదు, ఆయనది ఉంది. కొండని కొట్టానని తెలిస్తే దాని మొహం ఎలా చూడను?"

"ఒరేయ్, ఎనిమిది రోజులాగితే వాణ్ని చంపేసేలా కొట్టేవాడొస్తున్నాడు. నువ్వు కొడితే వాడు బతుకుతాడు."

"భలేవారే, కొండకేమవుతుంది!" అని నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నిజంగానే నమ్ముతున్నాడు. మాస్టారికి అతని మీద కోపం కూడా రాలేదు. ఇన్నేళ్లూ ఆ నమ్మకానికి నీళ్లు పోసి పెంచింది తనే కదా.

"చిన్నోడా, లోపలికి రా," అన్నాడు.

బట్టలు మార్చుకునే గది. తుప్పు పట్టిన ఇనుప బీరువాలు, పొడుగాటి చెక్క బల్ల, ఎంత తిప్పినా చుక్కలు ఆపని కొళాయి. మాస్టారు తలుపు గడియ పెట్టాడు. తన కుడి చేతికి గుడ్డ పట్టీ చుట్టుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషి. ఒకప్పుడు ఆ చెయ్యి పేరున్న చెయ్యే.

"గ్లవ్స్ తీయకు. అక్కడ నిలబడు."

"ఏంటి మామయ్యా, నువ్వాడతావా నాతో?" చిన్నోడు నవ్వాడు.

"నవ్వకు. ఎడమ పక్క కాచుకో. చెప్పే కొడుతున్నాను, ఎడమ పక్క."

చెప్పాడు కూడా. చెప్పి, ఒక్క క్షణం ఆగి మరీ కొట్టాడు. చిన్నోడి కళ్లు ఆ చెయ్యి రావడాన్ని చూశాయి. మోచెయ్యి మాత్రం గడ్డం దగ్గర నుంచి కదల్లేదు.

గదిలో ఓ మూగ చప్పుడైంది. నూట పద్దెనిమిది కిలోల మనిషి మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు గానీ గాలి లోపలికి పోలేదు. కాసేపటికి చిన్న చిన్న గుక్కల్లో, వేడి కాఫీ తాగినట్టు, ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాడు. వాడికి ఆరేళ్లప్పుడు వేలు పట్టించి ఈ గేటు లోపలికి తెచ్చింది ఇదే చెయ్యి. మాస్టారు కూడా కిందే చతికిలబడి వాడి వీపు నిమిరాడు.

"చూశావురా? నేను ముసలాణ్ని. ముందుగా చెప్పి కొట్టాను. వాడు చెప్పడు, ఒక్కసారితో ఆపడు."

చిన్నోడు తలూపాడు.

మాస్టారు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చిన్నోడి గ్లవ్స్ ముడులు విప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. చేతులకి పనుంటేనే ఆయనకి మాట వస్తుంది.

"ఈ పేర్లన్నీ నేను ఏరినవేరా. నువ్వు గెలుస్తావని తెలిసే ఏరాను. ఇందులో ఒక్కడు కూడా నీకు సరిజోడు కాదు. తప్పంతా నాదే. నీ పేరు చాలా పెద్దది నాన్నా, నువ్వు చేసింది దానిలో పావు వంతు కూడా లేదు. ఆ అమ్మాయి అడిగినదానికి నా దగ్గరున్న జవాబు ఇదే. రాయమని చెప్తాను. జనం తిడితే నన్ను తిడతారు. నువ్వు ఈ పోటీ మాత్రం మానెయ్."

ఈ మాటలకి వాడు కుప్పకూలిపోతాడనుకున్నాడు. అరుస్తాడనుకున్నాడు. చిన్నోడు ఆ కాగితం మీదకి వంగి, గ్లవ్ ఊడిన చేతి వేలు ఒక్కో పేరు మీదా ఆనించుకుంటూ తాపీగా చదివాడు.

"నాకు తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"నీకు తెలిసినదానికంటే ఎక్కువే తెలుసు." వేలు తొమ్మిదో పేరు మీద ఆగింది. "ఈయన ఇప్పుడు స్టేడియం గేటు దగ్గర టికెట్లు చింపుతున్నాడు. చూశావా?"

"చూశాను. ప్రమోటర్ జాలిపడి పెట్టించాడనుకున్నా."

"ఆ రోజు నేను ఈయన్ని చేతుల మీద ఎత్తుకున్నాను చూడు. అప్పుడు నా చెవిలో అన్నాడు, 'కాస్త ముందే పడిపోయానా బాబూ? ప్రమోటర్ గారికి చెప్పకు, ఉద్యోగం ఇస్తానన్నారు' అని."

మాస్టారి చేతిలో రెండో గ్లవ్ తాడు అలాగే ఉండిపోయింది.

"నేను ఎవరినీ పడిపొమ్మనలేదురా. మీ అమ్మ మీద ఒట్టు. తేలికైనవాళ్లని తెచ్చాను, అంతవరకే. కనీసం నువ్వు నిజంగా కొట్టే గెలిచావనుకున్నాను."

"నీకు తెలియదని నాకు తెలుసు. నీకెందుకు చెప్తారు? నువ్వు తేలికైనవాళ్లని తెచ్చావు. అది చాలదని ఆయన వాళ్లని పడిపొమ్మన్నాడు. మీ ఇద్దరిలో ఏ ఒక్కరికైనా నా మీద కాస్తంత నమ్మకం ఉంటే ఎంత బాగుండేది మామయ్యా."

వాడు కోపంగా అనలేదు. అందుకే ఆ మాట మాస్టారికి అంత లోతుగా దిగింది. ఇన్నాళ్లూ తను ఓ చిన్న తప్పు చేశాననీ, దానికి తనే బాధ్యుణ్ననీ అనుకుంటూ కూర్చున్నాడు. తీరా చూస్తే ఆ తప్పులోనూ ఆయన మాట చెల్లలేదు.

"ఎంతమంది అలా?" అని అడిగాడు.

"తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు. ఆ తర్వాత ఎవరిని లేపినా వాళ్ల నోటి దగ్గర నా చెవి పెట్టలేదు. మొహం అవతలికి తిప్పేసుకుంటాను. నేను ఏడుపు దాచుకుంటున్నానని అనుకుంటారు జనం. దానికింకా ఎక్కువ చప్పట్లు కొడతారు."

మాస్టారు ఆ కుర్రాడి మొహం చూడలేక తుప్పు బీరువాల వైపు చూశాడు.

"అయితే ఇంకా మంచిదిరా. అన్నీ తెలిసినవాడివి. ఈ రోజు నాలుగింటికి పోటీకి ముందు చేసే మెడికల్ పరీక్ష ఉంది కదా. ఈ దెబ్బ చూపిద్దాం. పక్కటెముక బాగాలేదని డాక్టరు రాసేస్తాడు. ఎవరికీ తలవంపులు ఉండవు. మీ అమ్మకీ చెప్పక్కర్లేదు."

"వద్దు."

"ఎందుకురా వద్దు?"

చిన్నోడు బల్ల మీద కూర్చున్నాడు. కూర్చోవడానికి బీరువా పట్టుకోవాల్సి వచ్చింది. "ఆ కిటికీల దగ్గర వాళ్లు చప్పట్లు కొడుతుంటే, నా వెనక ఇంకెవడో నిలబడ్డాడు, వాడి కోసం కొడుతున్నారు అనిపిస్తుంది. రోజూ అంతే. నాకు ఒక్కటి నిజంది కావాలి మామయ్యా. గెలుపే కానక్కర్లేదు. నేను ఎంతవాణ్నో నాకూ తెలియాలి కదా. ఆ కమ్మరి ఒక్కడే ప్రమోటర్ మాట వినడు."

"తెలుసుకోవడానికి నువ్వుండొద్దూ?"

చిన్నోడు లేచి అద్దం ముందు నిలబడి, మొహం చిట్లించకుండా ఊపిరి పీల్చడం ప్రాక్టీసు చేయసాగాడు. మొదటిసారి పెదవి వంకరపోయింది. నాలుగోసారికి మొహంలో ఏమీ కనబడలేదు. వాడి మొహానికి ఫొటోల ముందు నిలబడ్డ అలవాటుంది మరి.

విలేకరి అమ్మాయి ఆ మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేసింది. మాస్టారు తీయలేదు. తీసి ఏమని చెప్తాడు? పొద్దున దాకా ఆయన దగ్గర ఓ జవాబుండేది. ఇప్పుడు అది కూడా సగం అబద్ధమైపోయింది. అక్క ఫోన్ చేస్తే మాత్రం తీశాడు. "తమ్ముడూ, పోటీకి ఏ రంగు చీర కట్టుకోను? టీవీలో బాగా పడాలంట," అని అడిగింది. నీలం కట్టుకో అక్కా అన్నాడు. ఫోన్ పెట్టేశాక కాసేపు ఊరికే ఏడ్చాడు.

అయినా ఓ ఆశ మిగిలే ఉంది. బాక్సింగ్ సంఘం మెడికల్ ఫారంలో ఓ గడి ఉంటుంది. బాక్సర్‌కి ఏమైనా గాయముందా అని డాక్టరు కోచ్‌ని అడిగి, చెప్పిన జవాబు అందులో రాసి, కింద కోచ్ సంతకం తీసుకోవాలి. కోచ్ ఉందంటే ఎక్స్‌రే తీయకుండా పంపకూడదు. ముప్ఫై ఏళ్లుగా మాస్టారు ఆ గడిలో 'లేదు' అనే రాయిస్తూ వచ్చాడు. ఇవాళ 'ఉంది' అంటాడు. చిన్నోడు తనతో జీవితాంతం మాట్లాడకపోయినా సరే, మాట్లాడకుండా ఉండటానికైనా బతికి ఉంటాడు.

నాలుగింటికి ఆసుపత్రి మూడో అంతస్తు. వరండాలో నర్సులు, రోగులు, రోగుల చుట్టాలు, సెలైన్ సీసా పట్టుకుని నడిచొచ్చిన ఓ పెద్దాయన, అందరూ చిన్నోడితో ఫొటోలు దిగారు. ఎవరో ఎడమ పక్క నుంచి నడుం చుట్టూ చెయ్యేసి గట్టిగా హత్తుకున్నారు. చిన్నోడు నవ్వుతూనే ఉన్నాడు. నుదుటి మీద చెమట మాస్టారికి ఒక్కడికే కనబడింది.

డాక్టరు లేచి నిలబడి మరీ స్వాగతం చెప్పాడు. "రండి రండి కొండగారూ! మావాడు మిమ్మల్ని చూస్తే గానీ అన్నం తినడు. ముందు ఓ ఫొటో." ఫొటో అయింది. బరువు చూశాడు, రక్తపోటు చూశాడు, కళ్లలో లైటు వేశాడు. ప్రతిదానికీ 'ఫస్టుక్లాస్' అన్నాడు. తర్వాత ఫారం ముందుకు లాక్కుని, కలం మూత తీసి, ఏదో తంతు పూర్తి చేస్తున్నట్టు మాస్టారి వైపు తిరిగాడు.

"రూలు కాబట్టి అడుగుతున్నాను మాస్టారూ. గాయాలేమైనా?"

చొక్కా విప్పి బల్ల మీద కూర్చున్న చిన్నోడు మాస్టారిని చూశాడు. ఆరేళ్లప్పుడు గేటు దగ్గర చూసిన చూపే. మాస్టారు ఆ చూపు తప్పించుకుని, డాక్టరుకే చెప్పాడు.

"ఉంది. ఎడమ పక్క, పక్కటెముక. ఇవాళ పొద్దునే తగిలింది. కొట్టింది నేనే. ఎక్స్‌రే తీయించండి."

డాక్టరు కలం ఆగింది. అప్పుడు చిన్నోడు, ఎంతో మెత్తగా, పెద్దవాళ్లకి చెప్పినట్టు చెప్పాడు.

"ఆయన నా కోచ్ కాదండీ. నిన్న సాయంత్రమే మార్చుకున్నాను. ఆ ఫైల్లో కాగితం ఉంది చూడండి, సంఘం వాళ్ల ముద్ర కూడా ఉంది. గాయం లేదని కొత్త కోచ్ సంతకం పెట్టే ఉన్నాడు."

నిన్న సాయంత్రం. అంటే మాస్టారు కొట్టకముందే, కాగితం చూపించకముందే, నోరు తెరవకముందే. మాస్టారు ఏం చేస్తాడో వాడికి ఆయనకంటే ముందే తెలుసు. మనిషి ఎలా కదులుతాడో ముందే పసిగట్టడం వాడికి నేర్పింది ఆయనే.

డాక్టరు కాగితం తిరగేసి చూశాడు. ముద్ర ఉంది. సంతకమూ ఉంది. ఇబ్బందిగా నవ్వాడు. "మరి మీరు ఇప్పుడు ఆయనకి ఏమవుతారు?"

"మేనమామని."

"ఏమనుకోకండి. బంధువులు బయట కూర్చోవాలి. అందరికీ కంగారు సహజమే, మా ఇంట్లోవాళ్లూ అంతే."

"డాక్టరుగారూ, ఒక్కసారి అక్కడ వేలు పెట్టి నొక్కండి. నా మాట నమ్మక్కర్లేదు. ఒక్కసారి నొక్కి చూడండి."

"నేను చూసుకుంటాను కదా," అని డాక్టరు ఆయన భుజం తట్టి, గుమ్మం దాకా వచ్చి, తలుపు వేసేశాడు.

వరండాలో ఎవరో మాస్టారికి కుర్చీ చూపించారు. ఆయన కూర్చోలేదు. సిగ్గూ ఎగ్గూ వదిలేసి, అంతమంది చూస్తుండగా తలుపుకి చెవి ఆనించాడు. లోపల డాక్టరు 'గట్టిగా ఊపిరి పీల్చండి' అన్నాడు. చిన్నోడు నొప్పితో కేక పెట్టాలని, పెట్టకపోతే తనకి దిక్కులేదని, మాస్టారు కళ్లు మూసుకుని వేడుకున్నాడు. ఏ చప్పుడూ రాలేదు.

'ఇంకా గట్టిగా' అన్నాడు డాక్టరు. అప్పుడూ రాలేదు.

"సరే," అంది ఆ గొంతు, "ఇప్పుడు ఎడమ చెయ్యి పైకెత్తండి."